కిటికీ కింద కమిటీ

హాస్టల్లో అందరూ ఆమెను లాయరమ్మ అనేవారు. చదివేది లెక్కలే. కానీ గోడ మీద ఏ నోటీసు కనపడినా చక్రాల కుర్చీ ఆపి, అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న నిబంధనలు కూడా వదలకుండా చదివేది. "ఇది కడుపులో ఉండగా నేను రబ్బరు స్టాంపు మింగుంటాను," అనేది కుట్టుపని చేసే వాళ్ళమ్మ.

రెండో ఏడాదిలో విశ్వవిద్యాలయం నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. వికలాంగ విద్యార్థుల సౌకర్యాల కమిటీ ఒకటి పదకొండేళ్ళుగా ఉందట. సభ్యులు ఐదుగురూ ఆచార్యులే, ఐదుగురూ మెట్లు చకచకా ఎక్కగలవాళ్ళే. విద్యార్థుల ప్రతినిధిగా ఇప్పుడు ఆమెను వేశారు. సమావేశం ఆఫీసు భవనం మూడో అంతస్తులో.

వెళ్తే పాడైన లిఫ్టుకు తాళం.

"బాగుచేయించాలంటే ఆ కమిటీయే తీర్మానం చెయ్యాలమ్మా. పైకెళ్ళి అడుగు," అన్నాడు కాపలాదారు.

"పైకెలా వెళ్ళను?"

"లిఫ్టు బాగయ్యాక."

అతను వెటకారమాడలేదు. ఆలోచించే చెప్పాడు.

ఆ రోజు మినిట్సులో 'ప్రతినిధి గైర్హాజరు' అని పడింది. రెండోసారీ అంతే. వరసగా మూడుసార్లు రాకపోతే సభ్యత్వం పోతుంది.

మూడోసారి ఆమె లోపలికే వెళ్ళలేదు. భవనం వెనక సైకిల్ స్టాండు దగ్గర, సమావేశం గది కిటికీకి సరిగ్గా కింద కుర్చీ ఆపి, తలెత్తి అరిచింది. "హాజరు, సార్!"

కిటికీలోంచి అధ్యక్షుడి బట్టతల బయటికొచ్చింది. "ఏంటమ్మా ఆ గోల? పైన వికలాంగుల గురించి మీటింగ్ జరుగుతోంది!"

"ఆ వికలాంగురాలిని నేనే సార్!"

సంతకం లేనిదే హాజరు చెల్లదన్నాడాయన. కమిటీ గుమాస్తా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ కాగితాన్నీ ఆగనిచ్చినవాడు కాదు. గది తుడిచే బకెట్లో రిజిస్టరు పెట్టి, తాడు కట్టి కిందికి దించాడు. ఆమె సంతకం చేసి, 'లిఫ్టు బాగుచేయించాలి' అని చీటీ కూడా వేసింది. బకెట్ పైకెళ్ళి, 'వచ్చే సమావేశంలో పరిశీలిస్తాం' అనే జవాబుతో దిగింది. ఇలా నాలుగు నెలలు.

వింత చూడటానికి జనం చేరారు. చూపులేని చరిత్ర విద్యార్థి ఒకడు కర్ర తాటిస్తూ ఆగాడు. "ఎవరితో అక్కా మాట్లాడుతున్నావు?"

"మూడో అంతస్తుతో."

"నా గొంతు వాడుకో," అన్నాడతను. క్లాసులో అతని పేరు రేడియో. ఆ తర్వాతి సమావేశం నుంచి అజెండా నాలుగు వీధులకు వినపడింది. వినపడని ఒక కెమిస్ట్రీ అమ్మాయి వచ్చి, నవ్వుతూ ఫోన్ మీద రాసి చూపించింది: 'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మమ్మల్నంటారు. చెవులున్న ఆ పైవాళ్ళనేమనాలి?' చంకకర్రల అన్నదమ్ములిద్దరు వచ్చారు. వణికే చేతులతో బొమ్మలు గీసే కుర్రాడూ వచ్చాడు. అందరికంటే ఆఖర్న ఒక అమ్మాయి దూరంగా నిలబడి, "నాకు నరాల జబ్బు. పైకేం కనపడదు. నేను రావచ్చా?" అంది.

"కిటికీ కింద నిలబడటానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. రా," అంది లాయరమ్మ.

ప్రతినిధి ఆరుగురిని సభ్యులుగా చేర్చుకోవచ్చని నిబంధన ఉంది. ఆమె ఆరుగురినీ చేర్చుకుంది. కింద ఏడుగురు, పైన ఐదుగురు. మెజారిటీ ఎక్కడుంటే సమావేశం అక్కడే అన్న నిబంధన పుస్తకంలో కనపడగానే గుమాస్తా రిజిస్టరు చంకన పెట్టుకుని మెట్లు దిగొచ్చాడు. సైకిళ్ళ మధ్య నిలబడి, పైనున్న ఐదుగురికీ గైర్హాజరు వేశాడు.

మూడో గైర్హాజరు పడబోయే రోజున ఆచార్యులు ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకుంటూ కిందికి దిగారు. అధ్యక్షుడికి ఆయాసం. "లిఫ్టు వెంటనే బాగుచేయించాలి," అని ఆయనే ప్రతిపాదించాడు.

బాగుచేశారు. లాయరమ్మ జీవితంలో మొదటిసారి మూడో అంతస్తుకు వెళ్ళింది. గది గుమ్మం ఆమె కుర్చీ కంటే రెండంగుళాలు ఇరుకు.

చివరికి కింది అంతస్తులో, పాత ప్రశ్నపత్రాల గది ఖాళీ చేసిచ్చారు. అక్కడ ఏడుగురూ సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నారు. మొదటి రోజే దానికి పేరు పెట్టడం మీద గొడవ.

"నువ్వు చెప్పిన పేరు దరిద్రంగా ఉందక్కా," అన్నాడు రేడియో. కెమిస్ట్రీ అమ్మాయి బల్ల మీద చరిచింది. అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు లేచారు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ లాయరమ్మ ఏమన్నా ఎదుటివాళ్ళు 'పాపం' అన్నట్టు తలూపేవారు. ఆమెతో ఎవరూ ఇంత నిర్దాక్షిణ్యంగా పోట్లాడింది లేదు.

"దరిద్రమా? నీ పేరేదో చెప్పు చూద్దాం!" అని కుర్చీ ముందుకు తోసింది.