పదిహేడు సెకన్ల సాక్ష్యం

మా సంఘంలో కంప్యూటర్ తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. భద్రాచలంలో పెళ్లికార్డులు, కరపత్రాలు తయారుచేసే చిన్న డీటీపీ సెంటర్ నాది. ఏటా జరిగే మూడు రోజుల సభల్లో చివరి రోజును వీడియో తీసి, సీడీలు చేసి, అడవి పల్లెల్లోని విశ్వాసులకు అందించే పనిని పాస్టరు అయ్యగారు నాకు అప్పగించారు. అది పరిచర్య అని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. ఆ పరిచర్యలోనే నేను చేసినదొకటి ఇక్కడ చెప్పాలి.

కెమెరా సంఘానిది. టేపులు రెండే. దొంగ సాఫ్ట్‌వేర్‌తో దేవుని పని చేయకూడదని నాకు పట్టుదల. అందుకని ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోంచి లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాను. నల్లటి తెర మీద ఒక వరుస ఆదేశం టైపు చేస్తే, టేపులో ఉన్నది కేబుల్ గుండా హార్డ్ డిస్కులోకి దిగేది. గంట టేపు దిగడానికి గంట పట్టేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి. దిగిన ఫైలు సీడీలో పట్టనంత పెద్దది. దాన్ని కుదించడానికి ఇంకో వరుస, ఇంకో నాలుగు గంటలు. సీడీ తయారయ్యాక డిస్కు ఖాళీ చేసి, అదే టేపు మీద మళ్లీ తీసేవాణ్ని. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు కీబోర్డు మీద చేయి ఉంచి ప్రార్థన చేసేవాణ్ని.

ఒక ఏడాది సభల్లో, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, చర్ల వైపు గూడెం నుంచి వచ్చిన ఒక ముసలావిడ లేచి నిలబడింది. ఆమెకు కోయ భాష తప్ప రాదు. అలాంటివాళ్లు సాక్ష్యం చెబుతుంటే మా సంఘపెద్ద ఒకాయన పక్కన నిలబడి తెలుగులో చెప్పడం మాకు ఆనవాయితీ. ఆ రోజు ఆయన జ్వరంతో రాలేదు. అకాల వానకు వాగు పొంగి ఆమె గూడెంవాళ్లూ రాలేకపోయారు. ఆమె ఒక్కతే రెండు రోజుల ముందే వచ్చి ఉంది.

"చెప్పు అవ్వా, దేవునికి అన్ని భాషలు ఎరుకే," అన్నారు అయ్యగారు.

ఆమె పదకొండు నిమిషాలు మాట్లాడింది. ఒకచోట ఏడ్చింది, ఒకచోట నవ్వింది. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా మేమంతా ఆమేన్ అన్నాం. కెమెరా దగ్గర నిలబడ్డవాణ్ని కాబట్టి నా ఆమేనే అందరికంటే గట్టిగా టేపులో పడింది.

సీడీలో ఎనభై నిమిషాలు పడతాయి. మా కార్యక్రమం తొంభై ఒక్క నిమిషం వచ్చింది. అయ్యగారి సందేశం కోయడానికి చేయి రాలేదు. పాటలు లేకపోతే జనం ఊరుకోరు. అవ్వ సాక్ష్యం తీసేస్తే లెక్క సరిగ్గా సరిపోయింది. తీసేయడం కష్టమైన పనేం కాదు: ఎక్కడి నుంచి, ఎంతసేపు, రెండు అంకెలు ఇస్తే చాలు. ఇచ్చాను.

అంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. మొత్తం కుదించే ముందు చిన్న ముక్క తీసి, ముఖం మసకబారుతోందా, మాట పెదవులతో కలుస్తోందా అని చూసుకోవడం నా అలవాటు. ఎలాగూ పోయేదే కదా అని ఆమె సాక్ష్యంలోంచే మొదటి పదిహేడు సెకన్లు తీసుకుని చూశాను. బాగానే ఉంది. పై ఆదివారం ఆ టేపు మీద బాప్తిస్మాలు తీశాను. అదే నెలలో సండేస్కూల్లో పెంతెకొస్తు దినం గురించి పాఠం చెప్పాను. అక్కడ చేరిన ప్రతి జాతివాడూ తన సొంత భాషలో దేవుని మాట విన్నాడని, ఎంతో ఉత్సాహంగా.

సీడీలు ఆ గూడేనికి చేరేసరికి ఆ అవ్వ కన్నుమూసి ప్రభువునందు నిద్రించింది. కొన్నాళ్లకు ఆమె కూతురు మా సెంటర్‌కు వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా పని చేస్తుంది, తెలుగు బాగా మాట్లాడుతుంది.

"అన్న, సీడీ అంత చూసినం. మా అమ్మ కానరాలే?"

నేను తెర మీది పెళ్లికార్డు వైపు తిరిగాను.

"నేను పుట్టిన దినం ఏం జరిగిందో ఎన్నడూ చెప్పలేదన్న. అడిగితే ఏడ్చేది. సభలనుంచి వచ్చినంక మాత్రం నవ్వింది. 'అందరి ముందు చెప్పేసిన, నువ్వు సీడీల చూసుకో, సాక్ష్యం దినాం చెప్తరా ఏంది' అన్నది."

"వానకు తడిసింది చెల్లె. టేపు పాడైంది," అన్నాను.

"అమ్మది ఒక్కటేనా?"

"అవ్. ఆ ముక్కే."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "పోనీ తీయన్న. దేవుని చిత్తం."

నేను తలూపాను.

ఆ మధ్యాహ్నమే డిస్కంతా వెతికాను. ఖాళీ చేసినప్పుడు మిగిలిపోయిన, టెస్ట్ అని పేరు పెట్టిన ఫోల్డర్‌లో ఆ పదిహేడు సెకన్లు ఉన్నాయి. ఇద్దామంటే నా అబద్ధం బయటపడుతుంది. టేపు పాడైతే ఇదెక్కడిది అని అడగదా? ఫోల్డర్ మూసేశాను.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల. సహోదరుని విషయంలో తప్పు దాచుకున్నవాడు రొట్టె ముట్టకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాను, ఇతరులకూ నేర్పాను. పళ్లెం నా దగ్గరకు వచ్చినప్పుడు పక్కవారికి అందించాను. అలా మూడు నెలలు.

"ఏందయ్యా, రొట్టె ముట్టుతలేవు?" అయ్యగారు ఆరాధన అయ్యాక ఆపారు. "కంప్యూటర్‌ల ఏమన్న పాపం దొరికిందా?"

వేళాకోళానికే అన్నారు. నేను నవ్వలేకపోయాను, మొత్తం చెప్పాను. ఆయన పక్కనున్న బెంచీ మీద కూర్చున్నారు. "నా సందేశం గంటసేపు ఉండె. అండ్ల పదకొండు నిమిషాలు కోస్తే ఎవరు ఏడ్చేటోళ్లు? నాతో చెప్పినవ్, సరే. ఒప్పుకోవాల్సింది ఆమె దగ్గర. బస్సెక్కు."

సీడీలో ఆ ముక్క వేసుకుని చర్ల బస్సెక్కాను. దిగి గూడెం దాకా నడిచేటప్పుడు ఏం చెప్పాలో కూర్చుకున్నదాంట్లో, ఆమె గడప దగ్గర ఒక్క మాటా గుర్తురాలేదు. సీడీ చేతికిచ్చాను. ఆమె ఏమీ అడగకుండా ప్లేయర్‌లో పెట్టింది.

పందిరి కింద అవ్వ కనిపించింది. కొంగు సర్దుకుని మాట్లాడటం మొదలుపెట్టింది. కూతురు ఫక్కున నవ్వింది.

"ఏమంటున్నది చెల్లె?"

"బువ్వకు లేవకండి, నాది జల్దీ అయిపోతది అంటున్నది." ఆ తర్వాతి మాట విన్నది. నవ్వు ఆగిపోయింది. "నా బిడ్డ పుట్టిన దినం, అంటున్నది..."

తెర నల్లబడింది.

"తర్వాత, అన్న?"

"తర్వాతది లేదు. టేపు తడవలేదు చెల్లె. నేనే తీసేసిన. సీడీల పట్టలేదు. నాకు అర్థం కాలేదు గనక అది తీసేసిన."

ఆమె రిమోట్ పట్టుకునే ఉంది. "అర్థం కాకుంటే అడగొచ్చు గద. మేం ఎంత దూరం ఉన్నమని?" రిమోట్ పక్కన పెట్టి అంది, "గా దినం దేవుని చిత్తం అని నేనన్న. నువ్వు తలూపినవ్."

ఆమె పుట్టుక కథ ఆమెకు ఇక దొరకదు. అది దేవుడు తీసుకున్నది కాదు, నేను రెండు అంకెలతో తీసేసింది.

లేవబోతుంటే, "ప్రార్థన చెయ్యకుండ పోతవా అన్న?" అంది. మొదలుపెట్టాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. అప్పుడు ఆమే కళ్లు మూసుకుని కోయలో ప్రార్థించింది. చాలాసేపు. ముగిసిందని గొంతును బట్టి తెలిసింది. అలవాటుగా ఆమేన్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"ఏమని ప్రార్థించినవ్ చెల్లె?"

ఆమె నన్ను తేరిపార చూసి, పీట నావైపు జరిపింది.

"కూసో, చెప్త. జల్దీ మాత్రం కాదు."