పడమటి తలుపు

"నీ గడ్డం ఎవరిది మేస్త్రీ, మాదా, వాళ్లదా?"

గురుద్వారాలో లంగరు అనే ఉచిత భోజనం పంక్తిలో కూర్చుని రొట్టె తుంచుకుంటున్న నాహర్ సింగ్‌ను అజ్మేర్ సింగ్ అందరి ముందూ అడిగిన మాట ఇది. అజ్మేర్‌కు ఇటుకల బట్టీ ఉంది, గురుద్వారా కమిటీలో పదవి ఉంది. నాహర్‌కు ఉన్నదల్లా తాపీ. తుంచిన ముక్క పప్పులో ముంచుకుని, "నాదే. నూనె నేనే రాసుకుంటున్నా గదా," అన్నాడతను.

"మసీదు కడుతున్నావంట."

"గోడలు కడుతున్నా. మసీదు వాళ్లు చేసుకుంటారు."

"మన గురుద్వారా గుమ్మటం పని ఎవరికివ్వాలో కమిటీ ఇంకా తేల్చలేదు. గుర్తుపెట్టుకో."

మలేర్‌కోట్లాకు రెండు కోసుల దూరంలో ఉన్న కోట్ హరియాలో ముస్లిముల ఇళ్లు ఐదు. నలభై ఏడులో, దేశ విభజనప్పుడు పడిపోయిన మసీదు మళ్లీ లేవలేదు. ఈద్ వస్తే ఆ ఐదిళ్లవాళ్లూ సైకిళ్ల మీద పట్నం పోయేవారు. ఈసారి ఈద్ నమాజు ఊళ్లోనే చదవాలని వాళ్ల కోరిక. పంచాయతీ సరేనంది, ఊరు చందాలేసుకుని ఇటుకలిచ్చింది, నాహర్ సగం కూలికి ఒప్పుకున్నాడు. ఈద్‌కు మూడు నెలలుంది.

పరాయి మతంవాళ్ల కోసం ప్రాణమిచ్చిన మా సిక్కుల తొమ్మిదో గురువు పేరు చెప్పి కన్నీళ్లు పెట్టుకోని ఉపన్యాసకుడు మా పంజాబులో దొరకడు. నాహర్‌కు ఉపన్యాసం రాదు. ఎందుకు ఒప్పుకున్నావని భార్య అడిగితే ఒక్క ముక్క చెప్పాడట: "జంధ్యం మాకొద్దన్న ఇంటివాడే పక్కవాళ్ల జంధ్యం కోసం ఢిల్లీలో తల ఇచ్చాడు. నన్ను తల అడగలేదు, సగం కూలే కదా."

పని చకచకా సాగింది. నాహర్ నలభై ఏళ్లలో పద్నాలుగు గురుద్వారాలు కట్టాడు. చెయ్యి దానంతటదే నడిచే మనిషి. తప్పు అక్కడే జరిగింది. దేవుడి ఇంటికి నాలుగు దిక్కులా నాలుగు తలుపులుండాలి, ఏ దిక్కు నుంచి ఎవరొచ్చినా లోపలికి రావాలి. మా సిక్కులకు అది ఉగ్గుపాలతో అబ్బిన సంగతి. నాహర్ మసీదుకూ నాలుగు గోడల్లో నాలుగు ద్వారాలు వదిలాడు. గోడలు లింటల్ దాకా లేచాయి.

ఐదిళ్లవాళ్లూ రోజూ వచ్చారు, టీలు తెచ్చారు, నాలుగు ద్వారాలూ చూశారు, నోరు మెదపలేదు. పన్నెండో రోజున బశీరన్ వచ్చింది. భర్త పోయాక కుట్టుమిషనుతో ఇల్లు నడిపిన మనిషి. పడమటి ద్వారం ఎదుట నిలబడి అవతలి దొడ్డివైపు చూసింది.

"వీరా," అని అన్నను పిలిచినట్టు పిలిచింది, "తప్పుగా అనుకోకు. మేం మొక్కేది ఇటువైపే. మక్కా ఇటే గదా. మేం నేలకు నుదురు ఆనిస్తే ఎదురుగా సంతోఖ్ వాళ్ల బర్రె నిలబడి నెమరేస్తది."

నాహర్ చేతిలో తాపీ ఆగింది. "పన్నెండు రోజులయింది బీబీ. ఇన్నాళ్లూ ఏం చేశారు?"

"ఇటుకలు మీవి. కూలి సగం నువ్వే వదులుకున్నావు. తలుపు తప్పని ఏ మొహంతో చెప్పమంటావు?"

"చెప్పడానికి జంకితే నేను కట్టేది మసీదు కాదు, పశువుల కొట్టం."

మధ్యాహ్నానికి సంగతి ఊరంతా తెలిసింది. అజ్మేర్ పంచాయతీకి పోయి, "వాళ్ల మసీదును మన గురుద్వారాలా కట్టిపెట్టాడు. రేపు పట్నంలో గొడవైతే ఎవరు పూచీ? పని ఆపండి," అన్నాడు. అతని దురుద్దేశం సంగతి ఎలా ఉన్నా ప్రశ్న మాత్రం సరైనదే. సర్పంచ్ భయపడి, పట్నం నుంచి మౌల్వీ వచ్చి చూసి ఒప్పుకుంటేనే పని సాగాలన్నాడు. నాహర్ రెండు రోజులు ఆ గోడ ముందు బీడు నేలను చూస్తున్న రైతులా కూర్చున్నాడు. గోడ కూలగొడితే కూలి పోతుంది, అది అతనికి లెక్క కాదు. పని ఇలాగే ఆగి ఈద్ దాటిపోతే మళ్లీ పంచాయతీ సరేనంటుందని ఎవరూ నమ్మలేదు.

శుక్రవారం నమాజయ్యాక మౌల్వీ స్కూటరు మీద వచ్చాడు. బక్కమనిషి, కళ్లద్దాలు. నేరుగా పోయి పడమటి ద్వారంలో నిలబడ్డాడు. చేతులు చాచి వెడల్పు చూశాడు, తల పైకెత్తి ఎత్తు చూశాడు.

"సర్దార్‌జీ, ఇది సరిగ్గా గోడ మధ్యకు ఎట్లా వచ్చింది?"

"తలుపు మధ్యలోనే పెడతాం సాహెబ్. అలవాటు."

"నమాజు చదివించేవాడు నిలబడడానికి ఈ గోడ మధ్యలోనే గూడు కావాలి. మెహ్‌రాబ్ అంటాం. ఇంత వెడల్పే, ఇంత ఎత్తే. మీరు వెనకనుంచి గుండ్రంగా గోడ మూసేయండి చాలు. మా మేస్త్రీలు గోడంతా కట్టాక తొలుస్తారు, దుమ్ము లేపుతారు. మీరు నయం."

సర్పంచ్ నవ్వాడు, ఐదిళ్లవాళ్లూ నవ్వారు. నాహర్ మాత్రం తలపాగా కొసతో మొహం తుడుచుకుని అక్కడే నేలమీద కూలబడ్డాడు. "కాసిన్ని నీళ్లు ఇవ్వండ్రా," అన్నాడు.

ఆ గూడు మూయడానికి నాలుగు వందల ఇటుకలు కావాలి. ఊరు ఇస్తానంది. బశీరన్ ఒప్పుకోలేదు. "ఈ ఒక్క గోడ మేం కొనుక్కుంటాం వీరా. అప్పుడు తలుపు వంకరైనా గట్టిగా చెప్పొచ్చు." ఊరికి ఒకటే బట్టీ. అజ్మేర్ పైసా తగ్గించలేదు, అప్పు మాత్రం రాసుకున్నాడు. నాహర్ వారంలో గూడు మూశాడు. ఈద్ నమాజు ఊళ్లోనే జరిగింది, సేమ్యా పాయసం మూడు వీధులు తిరిగింది.

గురుద్వారా గుమ్మటం పని చివరికి నాహర్‌కే వచ్చింది. బయటి మేస్త్రీ రెట్టింపు అడిగాడు, అంతే. అజ్మేర్ మనసు కరిగిందని ఎవరైనా చెబితే నమ్మకండి. గూడు ఇటుకలకు ఒక్కోటి ఏడు రూపాయల లెక్కన అతని బిల్లు రెండు వేల ఎనిమిది వందలయింది. బశీరన్ నెలకు రెండు వందలు కడుతోంది. ఇంకా పద్నాలుగు వందలు బాకీ ఉంది.