గీత దాటాక పడిందా, దాటకముందా

విజిల్ మాస్టారికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది కానీ, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. బడిలో ఆటలు నేర్పే పనిలో చేరిన రోజు మెడలో వేసుకున్న విజిల్‌ని మళ్లీ తీసింది లేదు. స్నానానికి కూడా తియ్యరని భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. ఆ విజిల్ ఎందుకో మాత్రం ఎవరికీ అర్థం కాదు. ఆయన నోరే చాలు, మైదానం ఈ కొసన నిలబడి కేకేస్తే ఆ కొసన పిల్లాడి బూటు లేసు దానంతటదే ముడిపడుతుందని తోటి పంతుళ్లు వేళాకోళమాడతారు.

మంచివాడే. కాకపోతే తన పిల్లలకి అన్యాయం జరిగిందనిపిస్తే చాలు, ఎవరితోనైనా కయ్యానికి కాలు దువ్వుతాడు. ఒకసారి వాదనకి దిగాడంటే ఎదుటివాడు అలసిపోయి చేతులెత్తేసేదాకా వదలడు. ఆయన పిల్లలు గెలిచిన పతకాల్లో కాళ్లతో గెలిచినవెన్నో, ఆయన నోటితో గెలిచినవెన్నో తేల్చడం కష్టం.

ఆ పిల్లల్లో ఒకతి పిడుగు. ఇస్త్రీ దుకాణం నడిపే ఆవిడ ఒక్కగానొక్క కూతురు. పరుగులో ఆమెని చూసి ఆయనే పెట్టిన పేరది. రెండేళ్ల కిందట ఒక పెద్ద పోటీలో, అందరికన్నా ముందు వస్తూ వస్తూ, ఆఖరి గీత దగ్గర కుప్పకూలిపోయింది. ముఖం తెల్లగా పాలిపోయింది. కాసేపటికి తనే కళ్లు తెరిచింది. మాస్టారు గ్లూకోజు నీళ్లు తాగించి, పొద్దున ఏమీ తినకుండా వచ్చినందుకు నాలుగు తిట్లు తిట్టాడు. ఆటల మాస్టార్లందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. పిల్ల సరిగ్గా గీత మీద అడ్డంగా పడి ఉంది. గీత దగ్గర కాపలా కూర్చున్న డ్రాయింగు మాస్టారు, అమ్మాయి గీతకి ఇవతలే పడింది, చెయ్యి మాత్రమే దాటింది, ఛాతీ దాటితేనే గెలిచినట్టు, అన్నాడు. విజిల్ మాస్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. నిక్షేపంగా దాటింది, దాటాక కాళ్లు తడబడి వెనక్కి వాలింది, నేను కళ్లారా చూశాను, అని గొంతు చించుకున్నాడు. చివరికి డ్రాయింగు మాస్టారే తగ్గాడు. బంగారు పతకం పిడుగు మెడలో పడింది. ఆ కథని విజిల్ మాస్టారు కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ చెప్పాడు. చెప్పినప్పుడల్లా కథకి కాస్త మెరుగు పెట్టాడు.

ఇప్పుడు పిడుగుకి క్రీడల హాస్టల్లో సీటొచ్చింది. వారంలో వెళ్లి చేరాలి. ఈమధ్య ఎక్కడో ఫుట్‌బాల్ ఆడే కుర్రాడొకడు సాధన చేస్తూ చేస్తూ పడిపోయి మళ్లీ లేవలేదట. నిక్షేపంలాంటి కుర్రాడు, గుండెలో లోపముందని ఎవరికీ తెలియదట. అప్పట్నుంచి హాస్టల్లో చేరే పిల్లలందరికీ గుండె పరీక్ష తప్పనిసరి చేశారు. మాస్టారికి ఇదంతా చాదస్తంగా తోచింది. పిడుగు గుండెకి పరీక్షేమిటి, గుర్రం గుండె అది, అనుకుంటూనే తల్లీకూతుళ్లని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు.

డాక్టరమ్మ వయసులో చిన్నది, నిదానస్తురాలు. ఈసీజీ తీయించింది, స్కాన్ చేయించింది. తర్వాత ముగ్గుర్నీ కూర్చోబెట్టింది.

"గుండె గోడ కాస్త మందంగా ఉందండీ. బాగా పరిగెత్తే పిల్లలకి ఇలా ఉండటం మామూలే. జబ్బున్న పిల్లలకీ ఇలాగే ఉంటుంది. ఈ అమ్మాయిది సరిగ్గా మధ్యలో ఉంది. దీన్నిబట్టి ఇదీ అని చెప్పలేను."

"అంటే బాగున్నట్టా, లేనట్టా?" అంది తల్లి.

"అదే తెలియడం లేదమ్మా. ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయిందా?"

తల్లి ఆ పోటీ సంగతి చెప్పింది. డాక్టరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది.

"పరిగెత్తుతూ పడిందా, పరుగు ఆపాక పడిందా? ఆపాక పడితే అంత కంగారు లేదు, రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కళ్లు తిరుగుతాయి, చాలామందికి అవుతుంది. హాస్టల్‌కి పంపి, మధ్యమధ్యలో చూసుకుంటూ ఉండొచ్చు. పరిగెత్తుతూ ఉండగా పడితే మాత్రం ఇవాళే పరుగు ఆపించాలి. పెద్దాసుపత్రిలో ఇంకా పరీక్షలు చేయించాలి."

"ఆగాకేనండీ," అంది తల్లి, ఊపిరి పీల్చుకుంటూ. "గీత దాటాకే పడింది. మాస్టారు కళ్లారా చూశారు."

ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. మాస్టారు "రేపు చెబుతానండీ," అన్నాడు. ఆయన ఎవరినైనా గడువు అడగడం ఎవరూ ఎరగరు.

నిజానికి ఆయన గందరగోళమంతా ఇక్కడే ఉంది. కళ్లు మూసుకుంటే పిడుగు గీత దాటడం అద్దంలో చూసినట్టు కనబడుతోంది. ఛాతీ ముందుకి, చేతులు వెనక్కి, నవ్వుతూ ఎదురుగా వస్తోంది. ఎదురుగా ఎలా వస్తుంది? ఆ రోజు ఆయన నిలబడింది పక్కన, తాడు అవతల, జనంలో. పైగా ఆయన కళ్లు స్టాప్‌వాచ్ మీదున్నాయి. జనం కెవ్వుమన్నాక కదా తలెత్తింది. మరి ఈ కనబడుతున్నది ఎవరు చూసింది? ఎంత ఆలోచిస్తే అంత చిక్కుపడిపోతోంది.

సాయంత్రం ఇస్త్రీ దుకాణానికి వెళ్లి పిడుగునే అడిగాడు.

"నాకేం గుర్తుంటుంది మాస్టారూ? కళ్లు తెరిచేసరికి మీరు నీళ్లు పట్టుకుని కూర్చున్నారు. దాటాకే పడ్డానని మీరేగా చెప్పారు."

అక్కణ్నుంచి డ్రాయింగు మాస్టారింటికి వెళ్లాడు. రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆయన వరండాలో కూర్చుని కుంచెలు కడుక్కుంటున్నాడు. ఎవరొచ్చారో చూసి ఒక కుంచె జారవిడిచాడు.

"రావయ్యా విజిలూ. ఎవరితో తగువుకి బయల్దేరావు?"

విజిల్ మాస్టారు జరిగిందంతా చెప్పి, "నువ్వు గీత ముందే కూర్చున్నావు. ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు.

డ్రాయింగు మాస్టారు జారిపోయిన కుంచెని తీసి పక్కన పెట్టాడు.

"ఆ రోజు నాకు ఏ అనుమానమూ లేదయ్యా, ముందే పడిందనే అన్నాను. నువ్వు అంత గట్టిగా అరిచేసరికి నా కళ్లే నన్ను మోసం చేశాయేమో అనిపించింది. ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా దాటాకే పడిందని చెప్పాను. ఇప్పుడు ఎంత తలచుకున్నా దాటాక పడినట్టే కనబడుతోంది. నన్నేం చెయ్యమంటావు?"

విజిల్ మాస్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గీత దగ్గర కూర్చుని చూసినవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడి కళ్లలోనూ తన కథే ఉంది. భయం వేసింది ఆయనకి, నిజంగానే భయం వేసింది. దాటాక పడిందంటే పిల్ల హాస్టల్‌కి వెళ్తుంది, రోజూ పరిగెత్తుతుంది. ఏదో ఒక పూట మళ్లీ పడిపోతే? ముందే పడిందంటే ఆ పిల్ల కాళ్లకి తన చేత్తోనే సంకెళ్లు వేసినట్టు. తీరా జబ్బేమీ లేకపోతే? ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అన్నం ముట్టకుండానే లేచాడు.

మర్నాడు డాక్టరమ్మ ఎదుట నిలబడి, "ముందే పడిందని రాసుకోండి," అన్నాడు.

తల్లి తెల్లబోయింది. "అదేమిటి మాస్టారూ?"

"మీరు చూశారా?" అంది డాక్టరమ్మ.

"లేదండీ. నేను గడియారం చూస్తున్నాను."

"మరి ఎలా చెబుతున్నారు?"

మాస్టారు మెడలో విజిల్‌ని పట్టుకుని తలొంచుకున్నాడు. "దాటాక పడిన పిల్ల కోసం అంత గొంతు చించుకోవాల్సిన పని ఉండదు కదండీ," అన్నాడు.

డాక్టరమ్మ పరుగు ఆపమంది, మెట్లు కూడా గబగబా ఎక్కొద్దంది, పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. జబ్బు ఉందో లేదో తేలడానికి ఇంకా రోజులు పడతాయని, తేలకపోయినా తేలకపోవచ్చని చెప్పింది. తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటూ డబ్బు కట్టే గదివైపు వెళ్లింది. వరండాలో మాస్టారూ పిడుగూ మిగిలారు.

"అయితే ఆ పతకం నాది కాదా మాస్టారూ?"

నీదే అందామంటే నిన్నటిదాకా చెప్పిన కథే మళ్లీ చెప్పినట్టవుతుంది. కాదనడానికి నోరు రాలేదు. లోపల్నుంచి తల్లి పిలిచింది. పిడుగు అలవాటు ప్రకారం ఒక్క ఉదుటున లేచింది.

మాస్టారు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"మెల్లగా నడు తల్లీ," అన్నాడు.

పిడుగు ఆగి ఆయన ముఖంలోకి చూసింది. ఆ మాట ఆయన నోట వినడం ఆ పిల్లకి అదే మొదటిసారి.