బండినీళ్లు

మన రైలు పత్రిక ఎడిటరు గారు పోయారని పొద్దున ఈ గ్రూపులో చూశాను. అప్పటినుంచి దండాల బొమ్మలే. ఆయన ఏం చేశారో ఒక్కడూ రాయడే!

దొనకొండ స్టేషను పక్కన పెరిగినోళ్లకు గుర్తుందా? బొగ్గింజను నీళ్ల గొట్టం కింద ఆగి నీళ్లు పట్టుకునేటప్పుడు, పక్కకు కారే నీళ్లకు మా అమ్మ బిందె పెట్టేది. డ్రైవరు, "అక్కా, జరుగు! ఆవిరి కొడతాది!" అని అరిచేవాడు. "కొడితే కొట్టనీ నాయనా, ఇంట్లో చుక్క లేదు," అనేది. ఆ నీళ్లతో వండిన అన్నం బొగ్గువాసన కొట్టేది. వాటిని మేం బండినీళ్లు అనేవాళ్లం.

నాకు రాత సరిగా రాదు. ఇదంతా ఫోనులో చెబితే ఎడిటరు గారే రాసుకుని పత్రికలో వేశారు. వేసేముందు, "పెద్దాయనా, బండినీళ్లు అనే ఉంచుతున్నా, సరేనా?" అని అడిగారు.

ఇవాళ మన అడ్మిను సంతాపమని పత్రికలో వచ్చిన ఆ ముక్కే గ్రూపులో మళ్లీ పెట్టాడు. బండినీళ్లు తీసి "రైల్వే జలం" అని రాశాడు. ఫోను చేసి, "ఎవుర్ని అడిగి మార్చినావురా?" అన్నాను.

"తప్పుంటే దిద్దినా తాతా," అన్నాడు.

మా అమ్మ మాట తప్పంట! దండాల బొమ్మలు ఆపండి. ఆ మాట ఎక్కడ తీశారో అక్కడ పెట్టండి. ఆయనకు అదే దండం.