ఇద్దరం ఎక్కితేనే కారే నూనె

మా బండి దూర ప్రయాణాల కోసం చేసిన పాత రకం. పెద్ద ట్యాంకు, వెడల్పాటి సీటు, వెనుక రెండు వైపులా పెట్టెలు బిగించుకునే ఇనుప చట్రం. ఇప్పుడు అలాంటివి తయారు కావడం లేదు. కోరుట్లలో ఒక డాక్టరు ఇంటికి రంగులు వేస్తున్నప్పుడు ఆ ఇంటి షెడ్డులో దుమ్ము పట్టి కనిపించింది. పని అయిపోయాక దాన్ని అడిగి తెచ్చుకున్నాను.

తెచ్చిన వారానికే మా ఆమె నన్ను కొండగట్టుకు బయలుదేరదీసింది. మా దిక్కు బండి కొత్తదైనా పాతదైనా అంజన్న దగ్గర పూజ కానిదే దూరం పోదు. పూజ అయ్యాక ఆమె తన చేత్తోనే రెండు ఎర్రగుడ్డలు తీసి, హ్యాండిల్ కింద ముందు చక్రానికి దిగే, కుదుపులు మింగే రెండు మెరిసే ఫోర్కు రాడ్లకు చెరొకటి బిగించి కట్టింది. ముడి మీద ముడి వేసింది. ఆ తర్వాత మూడు వానాకాలాలు గడిచినా ఆ గుడ్డలను ఎవరం ముట్టలేదు.

మా బిడ్డను సిరిసిల్ల ఇచ్చాం. అల్లుడు మరమగ్గాల పని చేస్తాడు. అతనికి తల్లి లేదు. బిడ్డ నెల తప్పాక డాక్టరమ్మ ఎక్కువ లేవొద్దని చెప్పింది. అందుకని ప్రతి ఆదివారం మేమిద్దరం బండి మీద పోయేవాళ్లం. మా ఆమె బిడ్డకు తల దువ్వి, రెండు రోజులకు సరిపడా కూరలు వండిపెట్టి, బట్టలు పిండి వచ్చేది. ఆరు రోజులు ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే మనిషి. ఏడో రోజు కోసమే ఆ ఆరు రోజులు చుట్టేదేమో అనిపించేది.

ఆ రోజుల్లోనే ఎడమ ఫోర్కు కారడం మొదలైంది. రాడ్డు మీద నుంచి నూనె దిగి కింది గొట్టం మీద చారలు కట్టేది. జగిత్యాలలో నాకు తెలిసిన మెకానిక్, నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు మార్చాడు. మళ్లీ కారింది. మళ్లీ మార్చాడు.

"పాత బండి అన్నా. ముసలోల్లకు ముక్కు కారదా? గిదీ గంతే," అన్నాడు.

మొక్కజొన్న కోతల కాలం వచ్చింది. మల్యాల దాటాక రోడ్డు సగం వరకు మక్కలు ఆరబోశారు. ఎదురుగా లారీ. నేను బ్రేకు పట్టాను. బండి ముందు భాగం ఒక్కసారిగా కిందికి కూలబడి ఠక్కున తన్నింది. హ్యాండిల్ వణికింది. చక్రం మక్కల మీదికెక్కి, ఇద్దరం పక్కకు ఒరిగి పడ్డాం. వేగం లేదు కాబట్టి బతికాం. ఆమె మోచేయి చెక్కుకుపోయింది.

మక్కల దగ్గర కూర్చున్న ముసలమ్మ లేచి వచ్చింది. "కండ్లు యాడ వెట్టి తోలుతున్నవురా? మక్కలన్నీ ఆగం జేసినవ్!"

మా ఆమె కింద కూర్చొనే జవాబిచ్చింది. "బొక్కలు ఆగమై మేమేడుస్తుంటే నీకు మక్కల రంది వట్టుకున్నదా?"

ముసలమ్మకు నవ్వొచ్చింది. నీళ్ల సీసా తెచ్చి మోచేయి కడిగింది. నేను బండి లేపి చూశాను. కారిన నూనె ముందు బ్రేకు పలక దాకా వచ్చింది. పలకకు నూనె అంటితే బ్రేకు పట్టదు.

ఇంటికి వచ్చాక ఆమె మోచేతికి పసుపు అద్దుకుంది. "ఇగ నేను దీని మీద ఎక్క. బస్సులనే పోత," అంది, అంతే.

మా ఊరి నుంచి సిరిసిల్లకు రెండు బస్సులు మారాలి. మొదటి ఆదివారం ఎలాగో పోయి వచ్చింది. రెండో ఆదివారం సగం దూరం నిలబడి పోయి, నడుము పట్టుకొని వచ్చింది. మూడో ఆదివారం లేవలేదు. బిడ్డ ఫోను చేసి, "రాకుంటే మాయె అవ్వా, నేనేం చిన్నదాన్నా," అని ఏడ్చింది. ఫోను పెట్టేశాక ఈమె ఏడ్చింది. నేను దొడ్లోకి పోయి బండి ముందు నిలబడ్డాను. ఈ బండి బాగు కాకపోతే, బాగైనా ఆమె నమ్మకపోతే, కాన్పు దాకా ఆ తల్లీబిడ్డల మధ్య ఫోను తప్ప ఏమీ ఉండదు.

నేను ఏడో తరగతి దాకానే చదివాను. మిగిలిన చదువంతా జగిత్యాల గ్రంథాలయంలోనిది. రంగుల పని లేని రోజు పొద్దున తలుపు తీసే వేళకు అక్కడ ఉండేవాణ్ని. తెలుగు పుస్తకాలు చాలావరకు అయిపోయాక, పక్కన నిఘంటువు పెట్టుకొని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. మోటారు సైకిళ్ల రిపేరు మీద ఒక లావు పుస్తకం ఉంది. అట్ట లేదు, కానీ బొమ్మలు బాగుంటాయి. దాన్ని నాలాగా మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు మా జిల్లాలో ఇంకొకరు ఉండరని నా నమ్మకం. ఈ మాట ఎక్కువసార్లు అంటానని మా ఆమె ఫిర్యాదు.

ఫోర్కుల అధ్యాయం మళ్లీ రెండు రోజులు చదివాను. కొత్త సీలు వేసినా కారితే సీలును తిట్టొద్దు, రాడ్డును చూడు అని అందులో ఉంది. రాడ్డు మీద గీతలు, గుంటలు ఉంటే అవే సీలును కోస్తాయట. కానీ నా రాడ్డు బయటికి కనిపించినంత మేర అద్దంలా ఉంది.

గ్రంథాలయం మెట్ల మీద టీ తాగుతుంటే ఒక సంగతి తట్టింది. నేను నూనె తుడిచింది ఎప్పుడూ సోమవారం పొద్దునే. వారమంతా ఒక్కణ్ని పనికి తిరిగినప్పుడు చుక్క కారలేదు. ఇద్దరం సిరిసిల్ల పోయి వచ్చిన మరునాడే కారేది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను.

"అంటే? నా బరువుకు కారుతున్నదా?"

"నీ బరువని కాదే. ఇద్దరం కూసుంటే ఫోర్కు ఇంక కిందికి దిగుతది. గా దిగిన కాడ ఏదో ఉన్నది."

"గంత లావు పుస్తకం సదివి చివరికి నన్ను దొడ్డుదాన్నని తేల్చినవ్."

మరునాడు రెండు పెద్ద రంగు డబ్బాలు వెనక సీటు మీద కట్టాను. ఎడమ రాడ్డుకు, సీలు పక్కన, వైర్లు కట్టే సన్నని ప్లాస్టిక్ పట్టీ ఒకటి చుట్టాను. రాడ్డు కింది గొట్టంలోకి ఎంత మునిగితే పట్టీ అంత పైకి జరిగి అక్కడే నిలుస్తుంది. పుస్తకంలో ఉన్న ఉపాయమే.

డబ్బాలు చూసి ఆమె, "నేనూ గా రెండు డబ్బాలు ఒకటేనా?" అంది.

"డబ్బాలు మాట్లాడయి," అన్నాను. చీపురు విసిరింది.

గొల్లపల్లి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లన్నీ దాటించి తెచ్చాను. చూస్తే పట్టీ కనిపించలేదు. తెగి పడిందనుకున్నాను. వంగి చూస్తే, పైకి పోయి ఎర్రగుడ్డ అంచు కింద దూరింది. అంటే ఇద్దరి బరువు పడ్డప్పుడు గుడ్డ కప్పిన రాడ్డు కూడా సీలు దాకా దిగుతోంది.

వెంటనే మెకానిక్‌కు ఫోను చేశాను. "అన్నా, సీలు మార్చినప్పుడు గుడ్డ ఇప్పి చూసినవా?"

"లే. రాడ్లు అట్లనే ఉంచి కింది గొట్టాలు గుంజి మార్చిన. దేవుని గుడ్డ, మనమెట్ల ముడతం?"

నేను కూడా మూడేళ్లుగా బండి కడిగిన ప్రతిసారీ ఆ గుడ్డ చుట్టూ జాగ్రత్తగా కడిగినవాణ్నే.

ఇప్పుడు ఆమెతో ఈ మాట ఎలా చెప్పాలో ఏ అధ్యాయంలోనూ లేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ముఖం మారింది.

"మక్కల కాడ పడ్డప్పుడు మనల్ని కాపాడింది గదే. దాన్నే ఇప్పి పారేస్తనంటవా?"

"పారేయను. కింద ఏమున్నదో చూస్త."

"ఏం లేకపోతే?"

"మల్ల కట్టు. ఇగ బండి ముచ్చట ఎత్త."

ఆమె బీడీల చాట పక్కన పెట్టింది. తర్వాత లేచి చేతులు కడుక్కుంది. "నువ్వు ముట్టకు. నేను కట్టిన, నేనే ఇప్పుత." ముడి రాయిలా గట్టిపడింది. పిన్నీసుతో పోగు పోగు లాగింది. గుడ్డ ఊడేసరికి లోపల వాన నీళ్లు, మట్టి పేరుకొని, రాడ్డు చుట్టూ గోధుమరంగు కట్టు. తుడిస్తే తుప్పు పోయింది, గుంటలు మిగిలాయి.

నేను గోటితో గీకి చూశాను. పుస్తకం అలాగే చూడమంది. నా గోళ్లు రంగులకు, టర్పెంటైనుకు మొద్దుబారిపోయాయి. రెండు గుంటలు దొరికాయి.

ఆమె నా చేయి పక్కకు నెట్టి చూపుడు వేలు ఆనించింది. బీడీ చుట్టే తునికాకులో సన్నని చిల్లునైనా చూడకుండా పట్టే వేలు అది. కళ్లు మూసుకొని రాడ్డు చుట్టూ తిప్పింది. "గిక్కడ ఒకటి. గిక్కడ. గిక్కడ రెండు. ఎనుక పెద్దది." మొత్తం తొమ్మిది. చాక్‌పీసుతో గుర్తులు పెట్టాను. కుడి వైపు గుడ్డా ఆమే విప్పింది. అటు మరకే తప్ప గుంట లేదు.

రెండు రోజులు పనికి పోలేదు. నీళ్లతో తడిపి వాడే అన్నిటికన్నా సన్నని గరుకు కాగితంతో రాడ్డు చుట్టూ అడ్డంగా రుద్దాను. గుంటల్లో ఇనుముకు పట్టే గట్టి జిగురు నింపి, ఒక రోజంతా ఆరబెట్టి, మళ్లీ రుద్దాను. చాలనుకున్న ప్రతిసారీ ఆమెను పిలిచాను.

"ఇంక తాకుతున్నది."

మళ్లీ రుద్దాను.

"ఎనుకది ఇంక ఉన్నది."

"నాకేం తాకుతలేదు."

"నీకు తాకదు తియ్యి."

ఐదోసారి వేలు తిప్పి, ఇంకోసారి తిప్పి, "ఇగ లేదు," అంది. ఆ రెండు మాటలు విన్నాకే కాగితం కింద పెట్టాను.

బండిని జగిత్యాల తీసుకుపోయి కొత్త సీళ్లు వేయించాను. నూనె మాత్రం నేనే పోశాను. స్ప్రింగు బయటికి తీసి, రాడ్డును పూర్తిగా కిందికి దించి, పై అంచు నుంచి నూనె మట్టం కొలుస్తూ, రెండు వైపులా సమానంగా పోశాను. మెకానిక్ పక్కన స్టూలేసుకొని చూస్తూ, "లైబ్రరీ సారూ, రేపటి నుంచి దుకాణం నువ్వే తెరువు," అన్నాడు. తర్వాత తన దుకాణంలో ఉన్న ఇంకో రెండు బండ్ల ఎర్రగుడ్డల వైపు చూశాడు. వాటి యజమానులకు ఫోను చేసి, మీరే వచ్చి విప్పండని చెప్పాడు.

ఆదివారం పొద్దున ఆమె కూరల డబ్బాలు పెట్టెల్లో సర్ది, ఉతికిన రెండు ఎర్రగుడ్డలు ఈసారి హ్యాండిల్‌కు కట్టి, హెల్మెట్ పెట్టుకుంది. వెనక ఎక్కింది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర నా చొక్కా గట్టిగా పట్టుకుంది. బండి మెత్తగా దిగి మెత్తగా లేచింది. మల్యాల చేరేసరికి చొక్కా వదిలేసింది. వేములవాడ దాటాక ఆమె తల నా వీపుకు ఆనింది. భయపడి పిలిచాను, పలకలేదు. నిద్రపోతోంది.

సిరిసిల్లలో బిడ్డ గడపలో కూర్చొని ఉంది. "బస్సుల అచ్చినవా అవ్వా?"

"బస్సెందుకే? బండి లేదా?"

ఇద్దరూ లోపలికి పోయారు. నేను బండి పక్కన వంగి జేబులోని తెల్ల రుమాలుతో ఎడమ రాడ్డు తుడిచాను. రుమాలుకు దారి దుమ్ము అంటింది. నూనె లేదు. కింది గొట్టం తుడిచాను. పొడిగా ఉంది. బ్రేకు పలక చూశాను. అదీ పొడిగానే ఉంది. అలాగే నేల మీద చతికిలపడ్డాను, లేవాలనిపించలేదు.

లోపల దువ్వెన చప్పుడు. మా ఆమె గొంతు వినిపించింది. "మల్ల ఆదివారానికి ఏం వండుకొని రావాలె చెప్పు. చేపలు తింటవా?"