పుట్టిలో మోటారు సైకిలు

మోటారు సైకిలు చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వీధిలో ఎవడైనా కుర్రాడు బండిని గుర్రుమనిపిస్తే పోయి తలుపు వేసుకుంటాను. ముసలాయనకు చాదస్తం అంటారు ఇంట్లోవాళ్లు. అనుకోనీ.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఊరు నందికొట్కూరుకు అవతల, కృష్ణకు ఒక పూట నడకలో ఉండేది. అంత పెద్ద ఏరు పక్కనే పోతున్నా మా చేలకు చుక్క నీరు ఎక్కేది కాదు. ఆ ఎండాకాలం ఊళ్లో గడ్డి పూర్తిగా అయిపోయింది. అలాంటి ఏడు మా వైపు రైతులు పశువులను కాపరికి ఒప్పజెప్పి ఏటి నడుమ దిబ్బలకు తోలేవాళ్లు. చుట్టూ నీళ్లుండే ఆ దిబ్బల మీద ఎండల్లోనూ పచ్చిక ఉండేది. తొలకరి పడగానే, ఏటికి వరద ఎర్రనీళ్లు రాకముందే, ఎవరి పశువులను వాళ్లు పోయి తెచ్చుకోవాలి. మాకున్నది ఒక్క జత ఎద్దులు. అవీ అక్కడికే పోయాయి.

వాన పడింది. కొర్ర విత్తడానికి నల్లరేగడి సరిగ్గా పదునైంది. ఆ తడి పదును కొన్నాళ్లే ఆగుతుంది, గాలి తిరిగితే అదీ ఆగదు. ఆలోగా ఎద్దులు ఇంటికి రాకపోతే ఆ ఏడు మాకు తిండి లేదు. నాయన విత్తనం వేసే గొర్రు సరిచేసుకుంటూ నాతో ఒక్కటే చెప్పాడు.

"నెలల తరబడి కాడి లేకుండా తిరిగినాయిరా అవి, బెదురుంటాది. మీద మీదకి పోవద్దు. దూరంగా నిలబడి పిలువు. నీ గొంతు గుర్తుపట్టి అవే వస్తాయి."

అప్పుడు దిగాడు నా స్నేహితుడు. ఊళ్లో పెద్ద కమతం వాళ్లదే. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన మోటారు సైకిలు ఒకటి ఆ ఎండాకాలమే వాళ్ల నాయన కర్నూల్లో కొనిచ్చాడు. దాన్నెక్కి ఊరంతా దుమ్ము లేపుతున్నాడు.

"ఏమప్పా, నేనుండంగా నడిచి పోతావా? ఎక్కు, దిబ్బలన్నీ చుట్టేసి వద్దాం" అన్నాడు. ఎక్కాను. ఎక్కినప్పుడు సంబరంగానే ఉంది, అబద్ధమెందుకు.

రేవులో పుట్టి నడిపేవాడు బండిని చూసి నోరు తెరిచాడు. పుట్టి అంటే తెలుసుగా, వెదురు బుట్టకు తోలు కప్పి చేసిన గుండ్రటి పడవ.

"బండి ఈడనే పెట్టు సామీ. దిబ్బల మీద దీంతో ఏం పనుండాది?" అన్నాడు.

"ఈడ పెడితే ఎవడు కాపలా? ఎక్కించు" అన్నాడు మావాడు.

ఎక్కించాం. చంటిబిడ్డను పట్టుకున్నట్టు బండిని ఇద్దరం చెరోవైపు పట్టుకుని కూర్చుంటే, పుట్టి గుండ్రంగా తిరుగుతూ మొదటి దిబ్బకు చేరింది. కాపరి అక్కడ లేడు. చల్లారిన పొయ్యి రాళ్లు, ఎండిన పేడ మాత్రం ఉన్నాయి. రెండో దిబ్బ మీద చక్రాలు ఇసకలో కూరుకుపోయాయి. నేనూ పుట్టివాడూ చెమటలు కక్కుతూ తోస్తుంటే దొరగారు పైన కూర్చుని నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది, ఏం చెప్పను.

మూడో దిబ్బ మీద కాపరి దొరికాడు. మా ఎద్దులు దూరాన తుంగలో మేస్తున్నాయి. నిగనిగలాడుతున్నాయి. చూసి కడుపు నిండింది. బండిని ఒడ్డునే ఉంచమని స్నేహితుడికి చెప్పి, నాయన చెప్పినట్టే నిలబడి పిలిచాను. తలలెత్తాయి. చెవులు నిక్కించాయి. ముందు దాపటి ఎద్దు, అంటే కాడికి ఎడమ పక్క కట్టేది, కదిలింది. దాని వెనక వలపటిది. నిదానంగా, ఒక్కో అడుగూ వేస్తూ వస్తున్నాయి.

"ఇట్ల వస్తే పొద్దుపోతాదప్పా. నేను ఎనక నుంచి తోలతా చూడు" అని మావాడి గొంతు వినిపించింది.

వద్దురా అనేలోపే బండి గుర్రుమంది. ఎద్దులు పుట్టి బుద్ధెరిగి అలాంటి చప్పుడు వినలేదు. తోకలెత్తి చెదిరిపోయాయి. వలపటిది కాపరికి చిక్కింది. దాపటిది నీటి అంచున ఉన్న బండల్లోకి దూకింది. కాలు రాళ్ల సందులో పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు ఆ బండి మోతలోనూ వినబడింది. కాపరి దాని పక్కన కూర్చుని కాలు తడిమి, "ఇది ఇంక కాడికి రాదు నాయనా" అన్నాడు.

మావాడు దిగి వచ్చి చూసి, "పాపం, బెదురు గొడ్డు" అన్నాడు. ఆ మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

దాన్ని కాపరికే వదిలేశాం. తిరిగొచ్చేటప్పుడు మబ్బు పట్టింది. పుట్టిలో ఎద్దూ బండీ కలిసి పట్టవు. ముందు బండి దాటాలన్నాడు మావాడు, దాటించుకున్నాడు. నేను ఎద్దుతో ఊరు చేరేసరికి వాడు మా ఇంట్లో కూర్చుని మజ్జిగ తాగుతూ, ఎద్దు దానంతటదే బెదిరి రాళ్లలో పడిందని చెప్పేసి ఉన్నాడు. బండి ఊసే ఎత్తలేదట. వాడు వెళ్లాక జరిగింది జరిగినట్టు చెప్పాను. నాయన విని, "చెప్పినందువల్ల కాలు అతుక్కుంటాదా?" అని ఊరుకున్నాడు.

మర్నాడు ఒక ఎద్దును బదులడగడానికి వాళ్లింటికే పోయాం. ఊళ్లో మిగిలినవాళ్ల జతలన్నీ ఎవరి చేలల్లో వాళ్లవి ఉన్నాయి. వీళ్లకు ఒకటికి నాలుగు జతలు. "మా ఇత్తనం కానీ, తర్వాత సూద్దాంలే" అన్నాడు వాడి తండ్రి. వాళ్ల విత్తనం అయ్యేసరికి మా చేలో పదునుంటుందా? ఆ సంగతి ఆయనకూ తెలుసు. మావాడు అక్కడే ఉన్నాడు. ఒక్క మాట తండ్రితో అంటే సరిపోయేది. తల ఎత్తకుండా బండికి అంటిన ఇసక తుడుచుకుంటున్నాడు. వాడు నా స్నేహితుడు, ఒకే పలక మీద రాసుకున్నవాళ్లం.

గాలి తిరిగింది. తెల్లారే గొర్రు ఎత్తుకుని చేనికి పోయాం. నాయన వలపటి ఎద్దును కాడికి కట్టాడు. తర్వాత తలగుడ్డ విప్పి మడిచి భుజం మీద వేసుకున్నాడు. దేనికో నాకు అర్థం కాలేదు. వంగి, కాడి రెండో కొసను ఆ భుజానికెత్తుకున్నాడు. అమ్మ కొర్రల గంప పట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది.

"తోలురా, పదును పోతాండాది" అన్నాడు నాయన, నావైపు చూడకుండా.

నా చేతిలో ఎద్దులను తోలే ములుకోల ఉంది. ఎద్దు కదల్లేదు. గట్టిగా అదిలించాను. ఎద్దుతో పాటు నాయనా అడుగు వేశాడు.