నల్లరేగడిలో పెద్ద ఇంజను

ఎర్రగుంట్లలో రైలు దిగేసరికి సన్న తుంపర పడుతోంది. వ్యాగన్ నుంచి రెండు మోటారు సైకిళ్లు దించుకున్నాం. ఒకటి ఐదు వందల సీసీ, రెండోది మూడు వందల యాభై. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పెన్నేటి వరద పనికి మా సైనిక ఇంజనీర్ల కంపెనీని ప్రొద్దుటూరుకు పంపారు. నాది కాగితాలు మోసే పని. ఫోను తీగ తెగిన చోటికి, వైర్‌లెస్ పలకని చోటికి ఆర్డరు పట్టుకుపోవాలి. నాతోపాటు అదే పని చేసే హవల్దారుది మైదుకూరు. నాది జమ్మలమడుగు దగ్గర పల్లె. సొంత జిల్లాకే డ్యూటీ పడింది గానీ ఇల్లు చూసి రావడానికి సెలవు లేదు.

పెద్ద బండి హవల్దారుది. నేను అప్పటికే కొండదారుల్లో, ఇసుకలో ఏళ్ల తరబడి నడిపినవాణ్ణి. ఇంకా చిన్న బండేనా అని లోపల ఒకటే దురద. క్యాంపులో కాలు నిలిచేది కాదు. చెయిను బిగించేవాణ్ణి, మళ్లీ వదులు చేసేవాణ్ణి. ఏమీ తోచక ముందు మడ్‌గార్డు కూడా విప్పేశాను. మా వైపు నేలకు అది అడ్డమని తెలుసు. హవల్దారు చూసి నవ్వాడు.

“అది బండా, కుట్టు మిషనా అప్పా?”

“కుట్టు మిషనే మామా. దారం మాత్రం తెగదు.”

ఒకరోజు పొద్దున పదింటికి లెఫ్టినెంటు పిలిచాడు. పులివెందుల వైపు నుంచి కబురొచ్చిందట. చిత్రావతికి పైన మళ్లీ వాన. ఆ నీళ్లు పెన్నేట్లో కలిసి జమ్మలమడుగు మీదికి వస్తాయి. అక్కడ ఏటి నడుమ మిట్ట మీద గొర్రెల కాపరులు చిక్కుకున్నారు. వాళ్లను తేవడానికి మధ్యాహ్నం మావాళ్లు ఆరుగురు పడవ దించబోతున్నారు. దించితే నడి ఏట్లో వరద పట్టుకుంటుంది. మిట్ట ఎత్తైంది, మునగదని ఊరివాళ్ల మాట. జమ్మలమడుగు ఫోను తీగ తెగింది. వైర్‌లెస్ సెట్టు తడిసి మూగబోయింది.

నాకు అప్పట్లో చదవడం రాదు. కాగితంలో ఉన్నది లెఫ్టినెంటు నోటితో చెప్పాడు. పడవ దించవద్దు, అంతే.

ఒకరు ఆగిపోతే ఇంకొకరుండాలని ఇద్దర్నీ పంపారు. సంతకం చేయగలిగినవాడు హవల్దారే కాబట్టి సంచి అతని భుజాన వేశారు. ఎవరి సంతకం మీద ఇస్తే వాళ్లే అందజేయాలని రూలు.

కంకర రోడ్డు ఉన్నంత దూరం అతనే ముందు. అతని చక్రం చిమ్మిన నీళ్లన్నీ నా మొహానికే. సగం దారిలో వాగు కల్వర్టును ఎత్తుకుపోయింది. జొన్న కోసిన చేలో పడి పైకి పోయి, వాగు సన్నబడిన చోట దాటాలి. అంతా నల్లరేగడి.

మైదుకూరు వాళ్లకు తెలిసింది కాలువ కింది వరిమడి బురద. అది నీళ్ల బురద, జోరుగా పోతే చిమ్ముకుపోతుంది. రేగడి అలా కాదు. చక్రం తిరిగేకొద్దీ పిండిముద్దలా చుట్టుకుంటుంది. మా వైపు ఎద్దులబండి తోలేవాడు నాలుగడుగులకోసారి ఆపి, కట్టెతో చక్రం గీకి, మళ్లీ కదిలిస్తాడు.

“యాక్సిలేటర్ తిప్పవాకు మామా. దిగి నడిపించు,” అన్నాను.

అతను తిప్పాడు. ఐదు వందల సీసీ గర్జించింది. వెనుక చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంది. ముందు చక్రం మడ్‌గార్డు కింద మట్టి బిగిసి తిరగనే లేదు. ఇద్దరం పట్టి లాగినా కదల్లేదు. పదకొండు దాటింది.

అతను నా హ్యాండిలు పట్టుకున్నాడు. “నీ బండియ్యప్పా.”

“నీ చేతికిస్తే ఇదీ ఈడే నిలబడతాది. సంచి ఇయ్యి మామా.”

“నా సంతకం మీదుండేది. నీకిస్తే నా హవల్దారు పట్టీలు పీకుతారు.”

“పడవ దించితే ఆరుగురు పోతారు.”

అతను తన బండి వైపు చూశాడు. సంచి తీసి నా మెడలో వేశాడు. “పో. సంగతి నేను చెప్పుకుంటా.”

ఫస్టు గేరులో పెట్టి పక్కనే నడిచాను. దారి వదిలి జొన్న కొయ్యకాళ్ల మీదనే నడిపాను. కందికట్టెతో గీకుతూ, కదులుతూ వాగు చేరాను. వెనకే వచ్చిన హవల్దారూ నేనూ నీళ్లలో బండిని ఎత్తుకున్నాం. ఆ పెద్దదైతే ఇద్దరి వల్ల అయ్యే పని కాదు. అవతల రోడ్డెక్కాక నేనొక్కణ్ణే పోయాను.

జమ్మలమడుగు ఒడ్డున పడవ జట్టు నాయక్ ఒక కాలు అప్పుడే పడవలో పెట్టాడు. కాగితం చదివి కాలు వెనక్కి తీసుకున్నాడు. పడవను ఒడ్డుకు లాగి కట్టేశారు. కాసేపటికే నీళ్లొచ్చాయి, తుమ్మచెట్లను వేళ్లతో సహా దొర్లించుకుంటూ.

మరుసటి పొద్దున పడవ పోయి అందరినీ తెచ్చింది. హవల్దారుకు చివాట్లు పడ్డాయి, పట్టీలు మాత్రం నిలిచాయి. అతని బండిని ఎద్దులు కట్టి లాగించాం. తర్వాత కొన్నాళ్లకు ఆ పెద్ద బండి నాకే ఇచ్చారు. మంచి రోడ్డు మీద కమ్మగా పోతుంది, కాదనను. ప్రొద్దుటూరు కుర్రవాళ్లు ఇప్పుడు నన్నడుగుతారు, చెయ్యి తిరిగింది గదా, పెద్ద ఇంజను కావాలా వద్దా అని. కావాలనిపిస్తే కొనుక్కోండి. చెయ్యి తిరిగినవాడికి అది ఆశ. అవసరమని నాతో అనిపించవద్దు.

వరద పని ముగిశాక సెలవిచ్చారు. ఇంటికి పోయి పడుకుంటే నిద్ర రాలేదు. ఆ రోజు మిట్ట మీద కాపరుల్లో ఒక ఆడమనిషి ఉంది. పడవ నీళ్లంచున ఉండటం చూసి, మూట నెత్తిన పెట్టుకుని మిట్ట కొసకు వచ్చి నిలబడింది. మేము పడవను వెనక్కి లాగి కట్టేయడం ఆమె కళ్లారా చూసింది. ఎందుకో ఎవరు చెబుతారు? ఎంత అరిచినా ఏటి హోరులో వినబడదు. వెనక్కి వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాను. రమ్మంటున్నానని అనుకుందేమో, ఇంకో అడుగు ముందుకేసింది. చెయ్యి దించేశాను.

పొద్దు గూకేదాకా ఆమె ఆ మూట దించలేదు.